ముహూర్తం మాత్ర

నెలసరిని వాయిదా వేసే మాత్ర పేరు నోరెథిస్టెరాన్. తెలుగు ఇళ్లలో దీనికి మందు హోదా లేదు. పసుపు, కుంకుమ, తమలపాకులతో పాటు వ్రతసామగ్రి చీటీలో చివరగా చేరే దినుసు ఇది. శ్రావణ శుక్రవారాలు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, తిరుమల ప్రయాణాలు దీనికి గిరాకీ వేళలు. ముహూర్తం పెట్టే పంతులుగారు కోడలి తేదీలు అడగరు గనక ఆ తేదీలే ముహూర్తానికి సర్దుకోవాలి.

వాడకం సులువు. నెలసరి రావలసిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి, 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు. ఆపేసిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. కొనడం ఇంకా సులువు. డాక్టర్ చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక అట్ట మీద అచ్చయి ఉంటుంది. మెడికల్ షాపులో కత్తెరతో అట్టను ముక్క చేసి ఇస్తారు కాబట్టి ఆ హెచ్చరిక మిగతా ముక్కతో పాటు షాపులోనే ఉండిపోతుంది. ‘ఇంట్లో పెళ్లుందండీ’ అంటే చాలు, అదే చీటీ. అవతలి ప్రశ్న ఒక్కటే: ఎన్ని రోజులకు?

అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎప్పుడైనా కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిందా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా అలా అయిందా, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే పార్శ్వపు నొప్పి ఉందా, కాలేయం బాగుందా, గర్భం లేదని రూఢిగా తెలుసా? ఇంత మోతాదులో మింగిన నోరెథిస్టెరాన్ కొంత భాగం ఒంట్లో ఇథినైల్ ఎస్ట్రాడయోల్‌గా మారుతుంది. గర్భనిరోధక మాత్రల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెంచేది అదే. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వేసుకుంటే 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రాడయోల్ మింగినంత పని. ఆపైన రాత్రంతా తిరుమల బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం అదనపు సేవ.

ఆశా కార్యకర్త తెచ్చిచ్చే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్‌లో ఉన్నదీ ఆ 30 మైక్రోగ్రాములే. దాని పేరెత్తితే మాత్రం అదే ఇంట్లో గుండెలు గుభేలుమంటాయి: హార్మోన్లమ్మా, క్యాన్సరొస్తుంది, ఇక పిల్లలు పుట్టరు! పిల్లలు పుట్టరన్నది అబద్ధం. రొమ్ము క్యాన్సర్ ముప్పు కాస్త పెరిగే మాట నిజం, అండాశయ, గర్భాశయ లోపొర క్యాన్సర్ల ముప్పు తగ్గే మాటా నిజం. మాత్రలు వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి సుమారు ఇద్దరికి రక్తం గడ్డకడితే, ఈ తరహా మాత్రలు వాడేవారిలో 5 నుంచి 7 మందికి. గర్భిణులకు ముప్పు ఇంతకన్నా ఎక్కువ, కాన్పయిన తొలి వారాల్లో మరీ ఎక్కువ. అయినా సంతానప్రాప్తిరస్తు అని దీవించేవారిని ప్రమాదకరమని ఎవరూ అనరు.

నోరెథిస్టెరాన్‌తోనే ఒక గర్భనిరోధక మాత్ర ఉంది. అందులో రోజు మోతాదు 350 మైక్రోగ్రాములు. వ్రతం మోతాదు దానికి 40 రెట్ల పైమాటే. కాన్పుల మధ్య ఎడం కోసం ఆడది తనంతట తాను మింగితే విషం, పీటల మీద కూర్చోవడానికి పదిమందీ కలిసి మింగిస్తే తీర్థం. ఇంతా చేసి, ఈ వాయిదా కోర్సును గర్భనిరోధకంగా నమ్ముకోవడానికి లేదు. తలనొప్పి, వికారం, వక్షోజాల సలుపు, చిరాకు రావచ్చు. వాటిలో చిరాకును మాత్ర ఖాతాలో ఎవరూ వేయరు, కోడలి ఖాతాలో వేస్తారు.

ఒక కాలే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏం మందులు వాడుతున్నారని డ్యూటీ డాక్టర్ అడిగినప్పుడు ఈ మాత్ర పేరు చెప్పాలి, పక్కన అత్తగారు నిలబడి ఉన్నా సరే.