పెద్దవాళ్ల మతిమరుపు: ఇంటి గుట్టు బయటపడకుండా చిట్కాలు

మీ అత్తగారు కాఫీ తాగిన గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే "పొద్దుటి నుంచీ చుక్క కాఫీ ఎరగను" అంటున్నారా? పాలవాడికి నెల డబ్బులు ఒకే వారంలో రెండుసార్లు ఇచ్చేశారా? నలభై ఏళ్లుగా కళ్లు మూసుకుని పెట్టిన చేపల పులుసులో చింతపండు వేయడం మర్చిపోయారా? ఏం కంగారు పడొద్దు. "వయసు మీద పడింది కదండీ" అనండి. మన ముదినేపల్లిలోనే కాదు, ఇటు కైకలూరు నుంచి అటు గుడివాడ దాకా ఆ మాటకి తిరుగులేదు. అన్నవాళ్లకీ తృప్తి, విన్నవాళ్లకీ తృప్తి, ఎవరూ ఆస్పత్రి మెట్లు ఎక్కక్కర్లేదు.

ఆస్పత్రికి వెళ్లకపోవడంలోనే కిటుకంతా ఉంది. వెళ్తే డాక్టరు ఊరుకోడు. థైరాయిడ్ చూద్దాం, బి12 చూద్దాం, చెవులు బాగా వినిపిస్తున్నాయా, ఈమధ్య బాత్రూంలో గాని జారిపడ్డారా, దిగులుగా ఉంటున్నారా, ఏయే మాత్రలు వాడుతున్నారు అంటూ ఆరా తీస్తాడు. తలకి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా, థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా మనిషి అయోమయంగా అయిపోవచ్చు. వాటికి వైద్యం ఉంది. నిన్నమొన్నటి దాకా బాగున్న మనిషి రెండ్రోజుల్లో తిక్కతిక్కగా మాట్లాడుతుంటే ఒక్కోసారి కారణం మూత్రంలో ఇన్‌ఫెక్షనే. అలా తేలిందనుకోండి, మందులు వాడాలి, ఆవిడ కుదుటపడాలి, మీరు వీధంతా చెప్పుకొచ్చిన వయసు మాట వెనక్కి తీసుకోవాలి. అంత అప్రతిష్ఠ ఎందుకు? దగ్గర్లోని ఆర్‌ఎంపీని పిలిపించి ఓ సెలైన్ పెట్టించండి. తగ్గకపోతే తాయెత్తు ఉండనే ఉంది.

జర్మనీలో ఆలోయిస్ ఆల్జీమర్ అనే డాక్టరు ఈ మతిమరుపు జబ్బు గురించి 1906లోనే చెప్పాడట. ఆయన చూసిన రోగి ఆస్పత్రిలో చేరేనాటికి ఆమెకి 51 ఏళ్లే. మన ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లు ఇంకా నాట్లకి వెళ్తున్నారు. కాబట్టి ఈ సంగతి ఎవరికీ చెప్పకండి, వయసు సిద్ధాంతం చెల్లకుండా పోతుంది. ఇంకో ప్రమాదకరమైన లెక్క కూడా ఉంది. 2023లో అచ్చయిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా డిమెన్షియాతో, అంటే మతిమరుపు జబ్బుతో ఉన్నారు, మొత్తం 88 లక్షల మంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. ఈ అంకె గనక బయటికి పొక్కితే, మన వీధిలో ఈ బాధ మీ ఒక్క ఇంటిదే కాదని మీకు తెలిసిపోతుంది. అప్పుడు గుట్టు దాచి ఏం లాభం?

ఇక వచ్చినవాళ్ల ముందు పెద్దవాళ్లకి పరీక్ష పెట్టడం మర్చిపోకండి. ఎవరు గుమ్మం ఎక్కినా "ఈయనెవరో చెప్పండి చూద్దాం?" అని అడగాలి. డాలస్‌లో ఉన్న అబ్బాయి వీడియో కాల్ చేస్తే ఫోను ఆవిడ ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టండి. "అమ్మా, నేనెవర్నే? పేరు చెప్పు!" అని అతను అక్కణ్నుంచి, "చెప్పండత్తయ్యా, తెలీదా?" అని మీరు ఇక్కణ్నుంచి. ఆవిడ తెరవంక చూస్తారు. తర్వాత మీ మొహంలోకి చూస్తారు, జవాబు అక్కడేమైనా దొరుకుతుందేమోనని. చివరికి "మా అన్నయ్య" అంటారు. అందరూ ఘొల్లున నవ్వాలి. కొడుక్కి మేనమామ పోలికలున్న మాట నిజమే, ఆవిడ సగానికి పైగా సరిగ్గానే చెప్పారు, కానీ సగం మార్కులిచ్చే పద్ధతి మనకి లేదు కదా. "అమ్మా, నేను మీ చిన్నోణ్ని, శీనుగాణ్ని, అన్నం తిన్నావా?" అని పేరు తనే ముందు చెప్పేస్తే పరీక్షలో మజా ఏముంది?

తప్పు మాట్లాడితే దిద్దాలి, అదీ ఎప్పటికప్పుడు. ఈ విషయంలో కొల్లేటి ఇళ్లకున్నన్ని అవకాశాలు ఇంకెవరికీ లేవు. లంకగ్రామాల వైపు చెరువులు చేసిన మామగారు ఇప్పుడు మీ దగ్గర ఉంటున్నారనుకుందాం. తెల్లారగట్ల నాలుగింటికి లేచి, లుంగీ ఎగ్గట్టి, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడతారు. "తవుడు బస్తాలు దిగాయా? ఐసు లారీ వచ్చిందా? పట్టుబడికి మనుషులు చాలరు, కేకెయ్యండి" అంటారు. ఆ చెరువు ఇప్పుడు లేదు. 2006లో ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు అంటూ సరస్సులోని చేపల చెరువుల గట్లు పేల్చేసినప్పుడే పోయింది. సరిగ్గా అదే చెప్పండి, గట్టిగా చెప్పండి: "ఏ చెరువు మావయ్యగారూ? మన కళ్లముందే పోక్లెయిన్లు పెట్టి తవ్వేశారుగా!"

ఆయన అక్కడే కూలబడతారు. మీకది పాత కబురు, ఆయనకి మాత్రం ఈ నిమిషం విన్న కబురు. అప్పు తెచ్చిన డబ్బు, వదిలిన సీడు, ఏపుగా పెరుగుతున్న బొచ్చె, శీలావతి అన్నీ ఒక్కసారిగా పోయినట్టు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కాసేపటికి ఏడుపు కారణం మర్చిపోతారు గానీ ఏడుపు మాత్రం మధ్యాహ్నం దాకా ఆయన్ని వదలదు. మర్నాడు నాలుగింటికి మళ్లీ లేస్తారు, మళ్లీ చెప్పండి. కొంతమంది కోడళ్లు తెలివితక్కువగా "తవుడు దిగింది మావయ్యగారూ, లారీ ఆరింటికి వస్తుందంట, ఈలోగా కాఫీ తాగండి. ఆ ఏడు బొచ్చె ఎంత తూగిందో చెప్పారు కాదూ?" అని కబుర్లలో పెడతారు. ఆయన బొచ్చె తూకం చెబుతూ చెబుతూ తెల్లారబెట్టేస్తారు. ఎంత అబద్ధాలకోరు కోడలో చూశారా!

ఇప్పుడు ఇరుగుపొరుగు సంగతి. ఈ జబ్బున్న ఇంట్లో రేపో మాపో ఒక సన్నివేశం తప్పదు. అత్తగారు భోంచేసి, చెయ్యి కడుక్కుని, పక్కింటి అరుగు మీద కూర్చుని "మా కోడలు నాకు తిండి పెట్టి రెండ్రోజులైంది" అంటారు. తన గొలుసు తనే బియ్యం డబ్బాలో దాచుకుని "కోడలు తీసేసింది" అంటారు. ఆవిడ కావాలని ఆడే అబద్ధం కాదది. తిన్న జ్ఞాపకం చెరిగిపోయింది, గొలుసు లేదన్నది మాత్రం కళ్లకి కనబడుతోంది, మధ్యనున్న ఖాళీని మనసు తోచినట్టు పూడ్చుకుంది. పొరుగువాళ్లుగా మీరేం చెయ్యాలంటే, వెంటనే నమ్మేయాలి. కంచంలో అన్నం పెట్టి, నోట్లో రెండు ముద్దలు పడగానే "పాపం, ఎన్నాళ్లైందో" అనాలి. సాయంత్రానికల్లా కబురు బస్టాండు దాటాలి. కోడలు దగ్గరికి వెళ్లి "ఏమ్మా, ఇలా అంటున్నారు, ఒంట్లో ఏమైనా తేడాగా ఉందా, డాక్టరుకి చూపించారా?" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే ఆ పిల్ల గోడ పట్టుకుని భోరుమంటుంది, అరగంట మీ టీవీ సీరియల్ పోతుంది.

కోడలికి కూడా ఒక మాట. ఎవరి దగ్గరా నోరు విప్పొద్దు. ముఖ్యంగా డ్వాక్రా సంఘంలో. అక్కడ పది మంది ఆడవాళ్లు, ఒకరి ఇల్లు ఒకరికి తెలిసినవాళ్లు, తేదీ తప్పకుండా కూర్చుంటారు. అప్పు వాయిదా, పొదుపు తీర్మానం అయ్యాక ఎవరో ఒకరు "మా అత్త రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, ఇంటికి పోతానని సంచీ సర్దుతోంది" అంటే ఇంకొకావిడ "మా నాన్నా అంతే" అంటుంది. మూడో ఆవిడ "మేం పొద్దువాలే వేళకే లైట్లన్నీ వేసేసి, చిక్కుడుకాయలు ముందేసి ఈనెలు తియ్యమంటున్నాం, కాస్త నయం" అంటుంది. ఇంకేముంది, వైద్యశాస్త్రం చెప్పే సగం సంగతులు ఒక్క పైసా ఫీజు లేకుండా ఆ చాప మీదే బయటికొచ్చేస్తాయి. మంగళవారం నువ్వు మా అత్త దగ్గర రెండు గంటలు కూర్చో, గురువారం మీ నాన్న దగ్గర నేను కూర్చుంటా అనేదాకా పోతుంది వ్యవహారం. ఇది ఆపాలి. మీటింగులో వాయిదాల లెక్క తప్ప వేరే మాట రానివ్వకండి.

మంచాన పడ్డవాళ్లని చూడ్డం కోడళ్లకి పుట్టుకతో వచ్చే విద్య, దానికి శిక్షణేమిటని మీసాలాయన ఒకాయన అంటుండగా విన్నాను. గోవాలో ఆయనంత తెలివైనవాళ్లు దొరక్క, 81 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు, 2008లో ఫలితాలు అచ్చేశారు. కొంకణి వచ్చిన మామూలు మనుషులకి కొద్ది రోజుల తర్ఫీదిచ్చి ఆరు నెలలపాటు సగం ఇళ్లకి పంపారు. వాళ్లు చేసిందల్లా జబ్బంటే ఏమిటో విడమరచి చెప్పడం, కోపం వచ్చినప్పుడు ఎలా తట్టుకోవాలో చూపించడం, ఇంట్లో మిగతావాళ్లని కూడా పనిలోకి లాగడం, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపడం. రోగి జ్ఞాపకశక్తి తిరిగి రాలేదు, అది ఎవరి చేతిలోనూ లేదు. చూసుకునేవాళ్ల మనసు మాత్రం తేలికపడింది. న్యూయార్కులో జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటున్న 406 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో సలహాలూ తోడూ అందిన ఇళ్లవాళ్లు తమ మనిషిని ఆశ్రమంలో చేర్చాల్సిన రోజు దాదాపు ఏడాదిన్నర ఆలస్యమైంది. ఇక కేరళలో 1992లోనే ఆల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం ఏఆర్‌డీఎస్ఐ అనే సంఘం పెట్టుకున్నారు, దాని శాఖ హైదరాబాదులోనూ ఉంది. ముదినేపల్లి దాకా రాకుండా చూసుకునే బాధ్యత మనది. మనకిక్కడ గడపగడపకీ తిరిగే ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఒకటో తారీఖున పింఛను పట్టుకుని ఇంటికొచ్చి, మంచం మీద ఉన్న ముసలావిడ వేలు పట్టి మిషను మీద పెట్టించే సచివాలయం ఉద్యోగులూ ఉన్నారు. నెలనెలా ఆ మొహం చూసేది వాళ్లే. వాళ్లకి నాలుగు ప్రశ్నలు నేర్పితే ఏమవుతుందో ఊహించుకోండి. వేలిముద్రతో ఆపేయడమే క్షేమం.

అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురుంటే వంతులు వేసుకోండి. నెల రోజులు ముదినేపల్లి, నెల రోజులు తాడేపల్లిగూడెం, నెల రోజులు ఏలూరు. ధాన్యం పంచుకున్నంత న్యాయంగా అమ్మనీ పంచుకున్నట్టుంటుంది. ఒక ఇంట్లో బాత్రూం ఎడమవైపు అని ఆవిడ కాళ్లకి అలవాటయ్యేసరికి సంచీ సర్దే రోజు వస్తుంది. గూడెంలో అర్ధరాత్రి రెండింటికి లేచి ఎడమవైపు నడుస్తారు, అక్కడ బీరువా ఉంటుంది. తలుపు తీసి, చీర ఎత్తి కూర్చుంటారు. పొద్దున్నే చిన్నకోడలు పట్టుచీరలు చూసి అరిచిన అరుపు పెద్దకోడలికి ఫోనులో వినిపిస్తుంది. అమ్మని ఒక్క చోటే ఉంచి, మిగతా ఇద్దరూ డబ్బో, మనిషో పంపి, నెలకి నాలుగు రోజులు వచ్చి కూర్చుంటే సరిపోదా అని అడిగేవాళ్లని కులపెద్దల ముందు పెట్టి నిలదీయండి.

ఇల్లు వదిలి వెళ్లిపోయే అలవాటుంటే బయట తాళం వేసి పొలానికి పొండి. మన చుట్టూ కంచె లేని చేపల చెరువులు, నీళ్లు నిండిన కాలువలు, వాననాడు కాలుపెడితే జారే గట్లు. అందుకే సెంటర్లో ఆటోవాళ్లకి, టీకొట్టతనికి, చెరువు కాపలాదారుకి ఫొటో చూపించి "ఈయన ఒంటరిగా కనిపిస్తే కూర్చోబెట్టి ఫోను చెయ్యండి" అని చెప్పి ఉంచాలి, చొక్కా లోపల ఫోను నంబరు కుట్టాలి అని కొందరంటారు. పరువు పోతుంది, వద్దు. కనబడకుండా పోయాక మైకులో చెప్పిద్దాం.

నిద్రమాత్ర మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు, ఒకటి పనిచెయ్యకపోతే రెండు వెయ్యండి. తూలి పడి తుంటి విరిగితే తిరగడం ఎలాగూ తగ్గుతుంది.

గుర్తు పూర్తిగా పోకముందే పెద్దాయన్ని రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లి ఎకరం రాయించేసుకోండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో, చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ రాతకోతలు రద్దు చేయించే వీలుందన్న మాట పెద్దాయన చెవిన పడకుండా చూడాలి. ఎలాగూ మర్చిపోతారనుకోండి.

పెద్దవాళ్ల కోసం 14567, మనసు బాగోలేనివాళ్ల కోసం 14416 అని రెండు ఫోను నంబర్లున్నాయి. టెలీ మానస్ అనే ఆ రెండో నంబరుకి అర్ధరాత్రి చేసినా తెలుగులోనే మాట్లాడతారు, కోడలు తన కోసం తను చేసుకున్నా మాట్లాడతారు. రెండు నంబర్లూ గోడ మీద రాసుకోకండి.

చివరిగా, దూరాన ఉన్న బంధువులకి. మనిషి ఉన్నన్నాళ్లూ రాకండి. పండక్కి వచ్చినా గుమ్మంలోంచే "బాగా చిక్కిపోయింది, సరిగ్గా చూస్తున్నట్టు లేరు" అని వెళ్లిపోండి. మీ బలమంతా పెదకర్మకి దాచుకోండి. సెంటర్లో ఫ్లెక్సీ నిలువెత్తున కట్టించాలి, పైన ఆవిడ ఫొటో, కింద "అశ్రునివాళి" అంటూ కొడుకులు, అల్లుళ్లు, మనవళ్లు, డాలస్ వాళ్లు, ఊరి నాయకులు వరసగా. ఇన్ని మొహాలకి చోటు చాలట్లేదని ఫ్లెక్సీ కుర్రాడు అంటే, ఏడేళ్లు పక్కలు మార్చిన కోడలి ఫొటో తీసెయ్యమని చెప్పండి. ఆ అమ్మాయికి సరైన ఫొటో ఎలాగూ ఉండదు, ఆ ఏడేళ్లలో ఒక్క పెళ్లికీ వెళ్లలేదు.