ఇరవై అడుగుల పెట్టె ఆత్మకథ

ఈ కథ చెప్పుకుంటున్న ఉక్కు కంటెయినర్ పొడవు 20 అడుగులు, వెడల్పు 8, ఎత్తు ఎనిమిదిన్నర. ఖాళీగా ఉన్నప్పుడు రెండు టన్నుల పైచిలుకు తూగుతుంది. క్రేను పట్టుకోవడానికి ఎనిమిది మూలల్లో ఎనిమిది పోత ఉక్కు దిమ్మలు, లోపల ప్లైవుడ్ నేల, తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. దాని పేరు అంతే. ‘నేను’ అనడం పెట్టెలకు అలవాటు లేదు కనుక, తన కథనైనా సరుకు చిట్టా రాసినట్టు ‘ఈ పెట్టె’ అనే చెప్పుకుంటుంది. మానవ భూగోళశాస్త్రం పరీక్షకు చదివేవారికి ఎదురయ్యే భావనల్లో చాలా భాగం దాని ప్రయాణంలో తగిలినవే.

పుట్టింది చైనాలో. వంశం మాత్రం అమెరికాది. లారీల వ్యాపారి మాల్కం మెక్‌లీన్ 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ అనే పాత చమురు ఓడ మీద 58 పెట్టెలు ఎక్కించి న్యూజెర్సీలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు బస్తాలు, పీపాలు, చెక్కపెట్టెలు ఒక్కొక్కటీ కూలీల చేతుల మీదుగా ఓడ దిగి, గోదాము చేరి, మళ్లీ బండెక్కేవి. సరుకు ఒక వాహనం నుంచి మరో వాహనానికి మారే ఇలాంటి చోటును సరుకు మార్పిడి కేంద్రం అంటారు. పాత రేవుపట్నాలు ఈ మార్పిడి మీదే బతికాయి. ఆగిన సరుకు చుట్టూ కూలిపని, గోదాము, మిల్లు, బ్యాంకు పుట్టుకొచ్చాయి. విడి సరుకు ఎక్కించడానికి అప్పట్లో టన్నుకు ఆరు డాలర్లకు కాస్త తక్కువ అయ్యేది. ఐడియల్ ఎక్స్ మీద ఆ ఖర్చు 16 సెంట్లు దాటలేదు.

అదే 1956లో అమెరికన్ భూగోళవేత్త ఎడ్వర్డ్ ఉల్మన్ రెండు ప్రాంతాల మధ్య రాకపోకలు ఎందుకు జరుగుతాయో మూడు షరతులతో వివరించాడు. మెక్‌లీన్‌కు భూగోళ సిద్ధాంతాలతో పనిలేదు గానీ, ఆ మూడింటిలో ఒకదాన్ని ఉక్కుతో చేసి చూపించింది అతడే.

మొదటి షరతు పరిపూరకత్వం. ఒకచోట ఒక సరుకు మిగులుగా ఉండాలి, మరోచోట అదే సరుకుకు గిరాకీ ఉండాలి. ఇది రెండు వైపులా సమానంగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఈ పెట్టె చైనా నుంచి అమెరికాకు నిండుగా వెళ్లి, తిరుగు ప్రయాణంలో చాలాసార్లు ఖాళీగానే వచ్చింది. రెండోది రవాణా యోగ్యత. సరుకు విలువ దారిఖర్చును మోయగలగాలి. కంకర పక్క జిల్లా దాటదు, సెల్‌ఫోను సముద్రాలు దాటుతుంది. దారిఖర్చును పడగొట్టి, ఇంటిదగ్గరే ఆగిపోవలసిన సరుకులను కూడా ఓడెక్కించడమే ఈ పెట్టె జాతి చేసిన పని. మూడోది మధ్యలో అడ్డొచ్చే అవకాశం. అదే సరుకు ఇంకా దగ్గర్లో దొరికితే దూరపు సరుకుకు గిరాకీ తగ్గుతుంది. ఆంధ్ర తీరపు రొయ్య ఈ పెట్టెలో ఎక్కదు, దానికి రీఫర్ అనే శీతల కంటెయినర్ కావాలి. ఆ రొయ్య అమెరికా చేరేలోపు, అంతకంటే దగ్గరున్న ఈక్వెడార్ రొయ్యతో పోటీ పడాలి. 2025 ఆగస్టులో అమెరికా చాలా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఒక్క కిలోమీటరూ పెరగకుండానే ఆ రొయ్యకు అమెరికా మరింత దూరమైంది.

దూరమంటే కిలోమీటర్లే కాదు, ఖర్చు, కాలం కూడా అన్నది ఈ శాస్త్రంలో మొదట వంటబట్టాల్సిన విషయం. నిరపేక్ష స్థానం అక్షాంశ రేఖాంశాలతో తేలిపోతుంది, ఎన్నటికీ మారదు. సాపేక్ష స్థానం మాత్రం మారుతూనే ఉంటుంది. విశాఖపట్నాన్నే చూడవచ్చు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటు, లోతైన నీరు ఆ రేవుకు నైసర్గిక స్థితి, అంటే ఆ నేలకు సహజంగా ఉన్న గుణాలు. మిగతా ప్రపంచంతో దానికున్న సంబంధం సాపేక్ష స్థితి. విశాఖలో కంటెయినర్ టెర్మినల్ 2003లో మొదలైంది. నేపాల్‌కు కోల్‌కతా ఎంతో దగ్గర. అయినా హుగ్లీ నదిలో లోతు చాలక పెద్ద ఓడలు అక్కడిదాకా రాలేవు. అందుకే నేపాల్ సరుకు కొంత విశాఖలో దిగి, రైలెక్కి బీర్‌గంజ్ వెళుతోంది. రేవుకు సరుకు ఇచ్చి పుచ్చుకునే లోతట్టు ప్రాంతం దాని పృష్ఠభూమి. దానికి గట్టి సరిహద్దు ఉండదనీ, రెండు రేవుల పృష్ఠభూములు ఒకదానిపై ఒకటి పడతాయనీ పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో చెప్పి ఊరుకుంటాయి. బీర్‌గంజ్ ఉదాహరణ రాస్తే పరీక్షకుడికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. సముద్రం లేని హైదరాబాద్‌కు సనత్‌నగర్‌లో కంటెయినర్ డిపో ఉండటమూ సాపేక్ష స్థానాన్ని మార్చుకోవడమే.

దూరం పెరిగేకొద్దీ సంబంధం పలచబడటం దూర క్షీణత. దగ్గరి వాటి మధ్య సంబంధం ఎక్కువన్న వాల్డో టోబ్లర్ సూత్రం 1970 నాటిది. దీన్ని తలకిందులు చేసినట్టు కనిపించేది కాల-స్థల సంకోచం. 1989లో ఈ మాటకు ప్రచారం తెచ్చింది డేవిడ్ హార్వే. ప్రపంచం కుంచించుకుపోయిందన్న మాటను మాత్రం జాగ్రత్తగా వాడాలి. 2021 మార్చి 23న 400 మీటర్ల ‘ఎవర్ గివెన్’ సూయజ్ కాలువకు అడ్డం పడితే ఆ దారి ఆరు రోజులు మూతపడింది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికాను చుట్టి వెళ్లాయి. ముంబై, రోటర్‌డ్యామ్ ఎక్కడివక్కడే ఉండగా వాటి మధ్య దూరం పెరిగింది. కుంచించుకున్న దూరం మళ్లీ సాగుతుంది, అదీ అందరికీ ఒకేలా కాదు.

పెట్టె మేలు చేసిన చోట్లే కాదు, దెబ్బతీసిన చోట్లూ ఉన్నాయి. నగరం నడిబొడ్డున ఉన్న లండన్ డాక్‌లకు పెద్ద ఓడలు నిలిచే లోతు లేదు, పెట్టెలు పరిచే ఖాళీ నేలా లేదు. అవి ఒక్కొక్కటిగా మూతబడి, 1981 నాటికి రాయల్ డాక్స్ కూడా ఆగిపోయాయి. తర్వాత అదే డాక్‌ల్యాండ్స్‌లో కేనరీ వార్ఫ్ కార్యాలయ భవనాలు లేచాయి. శాన్‌ఫ్రాన్సిస్కో సరుకు అఖాతం అవతలి ఓక్లండ్‌కు తరలిపోయింది. రేవులను మించిన అసమానతను ఇమాన్యుయేల్ వాలర్‌స్టీన్ 1974లో కేంద్రం, అర్ధఅంచు, అంచు అనే మూడు మెట్లుగా చూపాడు. లోపల ఏముందో గమనిస్తే ఈ పెట్టెకూ అది తెలిసేది. అంచు దేశాల నుంచి ముడిసరుకు, కేంద్ర దేశాల నుంచి యంత్రాలు ఎక్కేవి. చైనా మెట్లు ఎక్కుతున్న కాలంలో పుట్టింది కాబట్టి, ఈ పట్టిక శాశ్వతం కాదనీ దానికి తెలుసు.

చివరిగా స్థలం. మనుషులు అర్థం, జ్ఞాపకం నింపిన చోటే స్థలమని మానవతావాద భూగోళవేత్తలు అంటారు. ఆ ప్రత్యేకత పోయి ఎక్కడ చూసినా ఒకేలా ఉండటాన్ని ఎడ్వర్డ్ రెల్ఫ్ 1976లో స్థలరాహిత్యం అన్నాడు. సింగపూర్ యార్డుకూ రోటర్‌డ్యామ్ యార్డుకూ పెట్టె వైపు నుంచి చూస్తే తేడా తక్కువే, అవే క్రేన్లు, అవే పసుపు గీతలు. అయితే ఉప్పుగాలికి తుప్పుపట్టి సముద్రానికి పనికిరాకుండా పోయాక పాత సామానుగా అమ్ముడై, ఇప్పుడు అది విశాఖ శివార్లలో ఒక కట్టడం పని దగ్గర సిమెంటు బస్తాల గోదాముగా ఉంటోంది. కూలీలు మధ్యాహ్నం దాని నీడలో కూర్చుని అన్నం తింటారు. ‘పెట్టె దగ్గరికి రా’ అంటే ఎక్కడికో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.