99 పైసల ఔదార్యం

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించింది. ఎకరానికా, మొత్తానికా అని అడగనక్కర్లేదు; ఎలా లెక్కేసినా ప్లేటు ఇడ్లీకి చాలదు. రూపాయి అనకుండా 99 పైసలన్నారంటే బాటా చెప్పుల వాడి కిటుకు సచివాలయానికీ ఎక్కిందన్నమాట. మిగిలిన పైసకు చిల్లరిచ్చారో, చాక్లెట్ ఇచ్చారో.

ఇదంతా ఒక్క మన గొప్పేనా అంటే కాదు. దేశంలో ప్రతి రాష్ట్రమూ పక్క రాష్ట్రం గోడ మీద నుంచి తొంగిచూస్తూనే ఉంది. 2025 జూలైలో రైతుల పోరాటంతో కర్ణాటక దేవనహళ్లిలో విమాన పరిశ్రమల కోసం తలపెట్టిన 1,777 ఎకరాల సేకరణను విరమించుకుంది. ఆ ఊళ్లలో సంబరాలు ఇంకా సద్దుమణగక ముందే మన మంత్రి లోకేశ్ విమాన పరిశ్రమను ఇటు రమ్మని పిలిచేశారు. అక్టోబరులో విశాఖకు గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించగానే, 22,000 కోట్ల రూపాయల రాయితీలు ధారపోశారని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే అన్నారు. మా వంటల్లాగే మా పెట్టుబడులకూ కారమెక్కువ, పక్కవాళ్లకు మంటగా ఉన్నట్టుందని లోకేశ్ బదులిచ్చారు. కారం సంగతి సరే, పచ్చిమిరపకాయలు ఎవరి దొడ్లోవో ఎవరూ అడగలేదు.

అసలీ పోటీ పాతికేళ్ల కిందటే చచ్చిపోయిందని మనకు చెప్పారు. నువ్వు పది శాతమంటే నేను ఎనిమిదంటానని రాష్ట్రాలు అమ్మకం పన్నును తెగ్గోసుకుంటుంటే, 1999 నవంబరులో ముఖ్యమంత్రుల సమావేశం పెట్టారు. 2000 జనవరి 1 నుంచి అందరికీ ఒకే కనీస రేట్లు, పరిశ్రమలకు అమ్మకం పన్ను రాయితీలు బంద్ అని ఒప్పుకున్నారు. (అప్పుడూ మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే.) 2005లో వ్యాట్ వచ్చింది, 2017లో జీఎస్టీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పోటీకి కర్మకాండ జరిపారు. శవం మాత్రం దొరకలేదు.

ఇప్పుడు రేటు తగ్గించడం కుదరదు కదా. అందుకని వసూలు చేసి తిరిగిచ్చేస్తారు. సిమెంటు బస్తా కొనండి: బిల్లు అడుగున సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం అని రెండు గీతలుంటాయి. రెండోది రాష్ట్ర ఖజానాకు. ఫ్యాక్టరీకి రాయితీ ఉత్తర్వు ఉంటే, అది నగదుగా కట్టిన ఎస్‌జీఎస్టీని ప్రభుత్వం ఏళ్ల తరబడి తిరిగి చెల్లిస్తుంది. కట్టింది మీరు, పుచ్చుకునేది వాళ్లు. సొమ్మొకడిది, సోకొకడిది. దీనికి ‘ప్రోత్సాహకం’ అని పేరు. బస్తా కొన్నందుకు మిమ్మల్ని ప్రోత్సహించిన వాళ్లెవరైనా ఉన్నారా?

ఈ ఔదార్యం తాలూకు లోటు పూడ్చుకోవడానికి జీఎస్టీకి అందని పెట్రోలుంది. ఆంధ్రప్రదేశ్‌లో లీటరుకు 31 శాతం వ్యాట్, దానిపైన 4 రూపాయలు, రోడ్ల పేర మరో రూపాయి. ఆ రోడ్ల మీద నడిచేవాళ్లు ఆ రూపాయి ఎటు పోయిందో వెతుక్కుంటూ గుంతల్లో పడుతుంటారు. యానాంలో పుదుచ్చేరి పన్ను తక్కువ కనుక చుట్టుపక్కల ఊళ్ల బైకులు అక్కడి బంకులకు క్యూ కడతాయి. రాష్ట్రాన్ని చూసి రాష్ట్రం రాయితీ ఇస్తే దూరదృష్టి. బంకును చూసి బైకువాడు హద్దు దాటితే ఖజానాకు గండి.

మరి సంస్కరణ? పెట్రోలును జీఎస్టీలోకి ఎప్పుడు తేవాలో రాష్ట్రాల మంత్రులు కూర్చునే జీఎస్టీ కౌన్సిల్ చెప్పాలని రాజ్యాంగంలోనే రాసిపెట్టారు. కేరళ హైకోర్టు పట్టుబట్టడంతో 2021 సెప్టెంబరులో లక్నోలో కౌన్సిల్ ముందు ఆ విషయం చర్చకొచ్చింది. ఇంకా సమయం రాలేదని తేల్చేశారు. రాయితీల దగ్గర ఒకరి గొంతు ఒకరు పట్టుకునే రాష్ట్రాలు ఆ రోజు ఎంత అన్యోన్యంగా ఉన్నాయో!