పై మెట్ల తాళంచెవి గురించి

మహారాజశ్రీ కళాక్షేత్రాల తాళంచెవుల అధికారి వారి సముఖానికి, కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు నుంచి ఒక బాల్కనీ ప్రేక్షకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. 

అయ్యా, తమరి హోదా సరిగ్గా ఇదేనో కాదో నాకు తెలియదు. మెట్ల తాళంచెవి ఎవరి దగ్గరుందని వాచ్‌మన్‌ని అడిగితే గుమాస్తాని చూపించాడు. గుమాస్తా మేనేజరు గారిని చూపించాడు. మేనేజరు గారు "పైవాళ్లని అడగాలండీ" అన్నారు. పైకి వెళ్లే దారి పైవాళ్ల చేతుల్లో ఉండటం సబబే. ఆ పైవాళ్లెవరో వారికే చేరుతుందని ఈ ఉత్తరాన్ని నలుగురూ చదివే చోట వేయిస్తున్నాను. హాలు పేరు మాత్రం రాయను. రాస్తే మిగిలిన హాళ్లవారు ఇది తమ గొడవ కాదనుకుని పేజీ తిప్పేస్తారు.

సంగతేమిటంటే, కూచిపూడి నాట్యం చూద్దామని రైలు పట్టుకుని వచ్చిన మాబోటివాళ్లని బాల్కనీ మెట్ల దగ్గరే ఆపేస్తున్నారు. "జనం లేరండీ, కిందే కూచోండి. పదిమంది కోసం పైన లైట్లూ ఏసీలూ వేస్తే కరెంటు దండగ" అంటాడు వాచ్‌మన్. అతన్నేమీ అనను, చెప్పమన్నదే చెబుతాడు. సరేనని కిందికి వెళితే మొదటి రెండు వరుసలూ సోఫాలు, అవి అతిథులవి. మూడో వరుస కుర్చీలకి చీటీలు అంటించి ఉంటాయి, అవి నిర్వాహకులవి. నాలుగూ ఐదూ నాట్యం చేసే పిల్లల అమ్మానాన్నలవి, వాళ్లందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉంటాయి. ఆ వెనక మేము. మా ముందు ఎన్ని ఫోన్లుంటే అందరు బుల్లి సత్యభామలు.

పోనీ సోఫాల్లో ఉన్నవారైనా సుఖంగా చూస్తున్నారా అంటే అదీ లేదు. వేదిక ఎత్తుగా ఉంటుంది. అంచున పూలకుండీలు, కుండీల మధ్య స్పీకర్లు, ఒక పక్క దీపం కుందె, ఇంకో పక్క జ్ఞాపికలు పేర్చిన బల్ల. సోఫాలో వెనక్కి వాలిన పెద్దమనిషి కళ్లు సరిగ్గా వేదిక నేలమట్టానికి వస్తాయి. నర్తకి ఆయనకి మోకాళ్ల నుంచి పైకే కనిపిస్తుంది. పాదాలు లేని కూచిపూడిని గంటసేపు చూసి, ఆయనే మైకు అందుకుని "అద్భుతమైన పాదవిన్యాసం" అని మెచ్చుకుంటారు. తమరు తాళం వేయకముందు మేం ఆ మాట పైనుంచి వింటూ నవ్వుకునేవాళ్లం.

భామాకలాపంలో సత్యభామ ప్రవేశం తమరికి తెలిసే ఉంటుంది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. వెనకనుంచి సత్యభామ తన జడ తీసి తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నాకు సాటివచ్చేవాడెవడైనా ఉంటే వచ్చి ఈ జడ కోయమని పూర్వం కూచిపూడివారు విసిరిన సవాలు అది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషం కట్టినంతకాలం కత్తెర పట్టుకుని ముందుకొచ్చినవాడి పేరు మా వైపు ఎవరూ వినలేదు. 1935లో పుట్టిన మనిషికి 1961లో కేంద్ర సంగీత నాటక అకాడెమీ పురస్కారం వచ్చిందంటే, పాతికేళ్ల చిల్లర వయసులోనే ఆ జడ దేశమంతా తెలిసిపోయిందన్నమాట.

ఆ ఘట్టంలో కిందివారికి కనిపించేది తెర, జడ, తెర అంచు కింద రెండు పాదాలు. పైవారికి తెర అవతలి మనిషి కూడా కనిపిస్తుంది. ఆ అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుంటుంది, దించుతుంది, మళ్లీ పెట్టుకుంటుంది. వంగి గజ్జె ఒకటి సవరించుకుంటుంది. పెదవులు కదుపుతుంది, పాట తలుచుకుంటోందో దణ్ణం పెట్టుకుంటోందో తెలియదు. నట్టువాంగం తాళం మోగే క్షణానికి మెడ నిటారుగా లేస్తుంది, ఇక ఆమె కృష్ణుడి భార్య. మనిషి పాత్రగా మారే ఆ కాసేపూ టిక్కెట్టు కొన్నా దొరకదు, పాసు తెచ్చుకున్నా దొరకదు. తమరు తాళం వేసింది దాని మీద.

ఇక తరంగం. నారాయణ తీర్థుల వారి కృష్ణలీలాతరంగిణిలోని పాటకి నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, ఒక్కోసారి తల మీద నీళ్లచెంబు పెట్టుకుని ఆడుతుంది. కిందినుంచి చెంబు తొణకడం లేదన్నదే గొప్ప. చప్పట్లు కూడా దానికే కొడతారు. పైనుంచి చెంబు సంగతే గుర్తుండదు. పళ్లెం ముందుకు జరగడం, పక్కకి మళ్లడం, ఉన్నచోటే గిర్రున తిరగడం, ఏ జతికి ఎంత మేర నడిచిందో అంతా నేల మీద పరిచినట్టు ఉంటుంది. మృదంగం చెవికి చెప్పేదాన్ని పళ్లెం కంటికి చెబుతుంది.

సింహనందిని మాటకొస్తే తమరు తాళం వేసుకున్నందుకు సిగ్గుపడాలి. క్షమించాలి, కొంచెం ఘాటుగా రాశాను, అయినా కొట్టేయను. సింహనందన తాళం ఒక ఆవర్తనం తిరగడానికి 128 అక్షరాలు. శాస్త్రం చెప్పిన నూట ఎనిమిది తాళాల్లో అంతకన్నా పొడవైంది లేదు. నేల మీద రంగుపొడి పరిచి, గుడ్డ కప్పి, దాని మీద ఆడుతూ నర్తకి పాదాలతోనే సింహం బొమ్మ గీస్తుంది. గుడిలో దేవుడి ముందు ఆడిన ఈ నాట్యం మరుగున పడిపోకుండా నేర్పి నిలబెట్టినవారిలో సి.ఆర్. ఆచార్యులు గారు ముఖ్యులు. ఇప్పుడు హాల్లో ఏం జరుగుతుందంటే, ఆట అయ్యాక ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆ గుడ్డని నిలువుగా ఎత్తి చూపిస్తారు. కింద కూచున్నవారికి వేదిక నేల కనిపించదు మరి. మేం పైన ఉంటే ఆ మోత మాకు అక్కర్లేదు. మడమ ఎక్కడ ఆనింది, వేళ్లు ఎటు జారాయి, తోక ఏ దరువులో మెలిక తిరిగింది అని పోల్చుకుంటూ, గుడ్డ ఎత్తకముందే "అదిగో జూలు" అని పక్కవాళ్లకి చూపించుకునేవాళ్లం.

అసలు ఈ కళ పుట్టినప్పుడు దానికి సోఫా లేదు, నాలుగడుగుల అరుగూ లేదు. కాగడాల వెలుగులో నేల మీదే ఆడారు. రాక్షసుడు వస్తున్నాడంటే కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి మంట భగ్గుమనిపించారు. జనం మూడు వైపులా చేరారు. చాపల మీద పెద్దలు, అరుగుల మీద ఆడవాళ్లు, గడ్డివాముల మీద పిల్లలు. బాల్కనీ ప్రేక్షకులకి మూలపురుషులు ఆ గడ్డివాము పిల్లలే. 1678 ప్రాంతంలో గోల్కొండ తానీషా ఈ భాగవతుల ఆట చూసి ముచ్చటపడి వాళ్ల ఊరిని వాళ్లకే రాసిచ్చాడని చెప్పుకుంటారు. ఆయన ఎక్కడ కూచుని చూశాడో గానీ, ఊరు రాసిచ్చేంత బాగా కనిపించి ఉండాలి. ఫోన్ల వెనక ఆరో వరుస మాత్రం కాదు.

తరవాత కాలంలో నాట్యం హాళ్లలోకి వచ్చింది. హైదరాబాదులో రవీంద్రభారతి 1961లో, రవీంద్రుని శతజయంతి ఏడాదిలో తెరిచారు. కూచిపూడి నుంచి మద్రాసు వెళ్లిన వెంపటి చినసత్యం గారు 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడెమీ పెట్టి, నృత్యనాటకాలకి పెద్ద పెద్ద బృందాల్ని తీర్చిదిద్దారు. బృందం ఆడినప్పుడు ముందు వరుసలో ఉన్నవారికి ముందున్న నలుగురే కనిపిస్తారు. మా ఊరి పొలం గట్టెక్కి చూస్తేగానీ నాట్ల వరుసలు తీరుగా ఉన్నాయో లేదో తెలియనట్టే, ఈ పిల్లల వరుసలు కూడా మెట్లెక్కితేనే తెలుస్తాయి. 2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో ఆరువేల మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ పుస్తకానికి ఎక్కినప్పుడు గ్యాలరీలో కూచోవడం తప్పని ఎవరూ అనలేదు. మైదానంలో కుర్చీ వేసుకుంటే ఆరువేలలో ఆరుగురే కనిపించేవారు.

పైనున్నవాడు తక్కువవాడు అనుకునే దేశాలు కూడా ఉన్నాయి లెండి. ఇటలీలో మిలాన్ నగరపు లా స్కాలా 1778 నాటి రంగశాల. అక్కడ అన్నిటికన్నా పై అంతస్తు చవక టిక్కెట్లవారిది, సంగీతంలో అందరికన్నా గట్టివాళ్లు కూడా వాళ్లేనని పేరు. 2006 డిసెంబరులో వాళ్లు ఈల వేసి గోల చేస్తే పేరున్న గాయకుడు రొబెర్తో అలాన్యా ఐదా ఆట మధ్యలో వేదిక దిగి వెళ్లిపోయాడు. మేం అంతటివాళ్లం కాము. ఎవర్నీ దించము. మన సినిమాహాళ్లలో బాల్కనీకి ఎక్కువ డబ్బులు తీసుకుంటారు గదా, ఆ లెక్కన తమరు టిక్కెట్టు పెట్టినా ఇస్తాం.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. క్షేత్రయ్య పదానికి బాల్కనీ పనికిరాదు. ఆయన ఊరు మొవ్వ, కూచిపూడికి కూతవేటు. ఆ పదాలు కనుబొమ్మ మీద, కంటికొస మీద నడుస్తాయి, పాదాలు అప్పుడు ఊరుకుంటాయి. అది దగ్గరగా చూడాల్సిందే. అందుకే నా రెండో కోరిక. సన్మానం కాగానే అతిథులు శాలువాలతో సహా లేచి వెళ్లిపోతారు, వాళ్లకి ఇంకో సభ ఉంటుంది. పదం మొదలయ్యే వేళకి సోఫాలు ఖాళీ. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొకడు మాత్రం "వీఐపీలవండీ" అని ఆ ఖాళీకి కాపలా కాస్తూ ఉంటాడు. అప్పుడు మమ్మల్ని కిందికి దిగనివ్వండి. పదం అయ్యాక మళ్లీ తరంగానికి పైకెక్కుతాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఈ ఏర్పాటుకి ఒప్పుకున్నారు.

ఏసీ అక్కర్లేదు, ఫ్యాన్లు చాలు. లైట్లు అసలే వద్దు, మెట్ల మీద ఒక్కటి చాలు. ఇంకొక్కటి, ఇది గుట్టుగా ఉంచండి. పైనుంచే బాగా కనిపిస్తుందని అతిథులకి తెలిస్తే సోఫాలు పైకి మోయిస్తారు.

ఇట్లు,
తమరి విధేయుడు,
బాల్కనీ రెండో వరుస, నడిమి సీటు,
గుడ్లవల్లేరు.

తా.క.: సభ సాయంత్రం ఆరింటికని కార్డులో వేసి, ముఖ్య అతిథి కోసం ఏడున్నరకి మొదలుపెడితే బందరు వైపు వెళ్లాల్సినవాళ్లం తిల్లానా చూడకుండా లేవాల్సి వస్తోంది. తాళంచెవుల శాఖ కిందికి గడియారాలు కూడా వస్తాయేమో దయచేసి కనుక్కోగలరు.