బావగారి విశ్రాంతి కార్యక్రమం

‘మ. 2.10 నుంచి 2.40 వరకు: విశ్రాంతి.’ ఇలాంటి వాక్యం రాసి, కింద గీత కూడా కొట్టగల మనిషి ఇంటి పెద్దల్లుడు గారు తప్ప మరొకరై ఉండరు. సాధారణంగా ఏదో ప్రభుత్వాఫీసులో అకౌంట్స్ సెక్షన్ చూసి రిటైరయి ఉంటారు. అత్తవారి వైపు ఎవరికెంత చిరాకున్నా, పెద్దల్లుడు వేసిన ప్రోగ్రామును కాదనే దమ్ము ఎవరికీ ఉండదు. “ఈసారి ఏ హడావిడీ వద్దర్రా, శని ఆదివారాలు వైజాగ్ వెళ్ళి సముద్రం దగ్గర హాయిగా కూర్చుని వచ్చేద్దాం” అని మొదట అనేది కూడా ఆయనే. మనస్ఫూర్తిగానే అంటారు. అన్న గంటలోపు వాట్సాప్‌లో ‘వైజాగ్ రిలాక్స్’ అని గ్రూపు పుడుతుంది, మర్నాటికి అందులో పట్టిక పడుతుంది. ఆ పట్టిక చూసి, బావగారికి విశ్రాంతి అంటే గిట్టదని మరదళ్ళూ బావమరుదులూ తీర్మానించేస్తారు. నాకు అలా అనిపించదు. ఆయనకు విశ్రాంతి మహా ఇష్టం. కాకపోతే తన వాటా ఆయన రైలెక్కక ముందే పూర్తిగా అనుభవించేసి ఉంటారు.

రైలు రిజర్వేషన్ ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులకు కుదించారు. మిగతా జనానికి అదొక వార్త. బావగారికి మాత్రం సెలవుల్లో సగం కోత పడింది, ఎందుకంటే ఆయన సెలవులు గడిచేది ఆ రోజుల్లోనే. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు అత్తగారికి రావాలంటే ఏ మీట నొక్కాలి, సైడ్ అప్పర్ ఏ తోడల్లుడి నెత్తిన పడాలి, రుషికొండ నుంచి భీమిలికి ఎంతసేపు పడుతుంది, దారిలో కాఫీ ఎక్కడ అని పొడుగాటి నోటుబుక్కులో ఎర్ర స్కెచ్‌పెన్నుతో గళ్ళు గీసుకుంటున్నప్పుడు ఆ ముఖం చూడాలి. కనుబొమల మధ్య ముడి విప్పుకుని ఉంటుంది. నోట్లో ఏదో పాత పాట కూనిరాగంగా తిరుగుతుంటుంది. అదే మనిషి విశాఖ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే వాచీ చూసుకుని, “పదకొండు నిమిషాలు లేటు. మొహాలు కడుక్కోవడంలో సర్దుకోండి” అంటారు. సెలవు ముగిసి, డ్యూటీ ఎక్కేశారన్నమాట.

ఇక ఆ డ్యూటీ సంగతి. శనివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో సూర్యోదయం. టిఫిన్ కాగానే అత్తగారి కోసం సింహాచలం. అక్కడి స్వామి అక్షయతృతీయ నాడు తప్ప ఏడాది పొడుగునా చందనంలోనే ఉంటాడు. కదలకుండా, చల్లగా ఉండటమెలాగో ఆయన్ను చూసి నేర్చుకోవచ్చు గానీ, మనకు కేటాయించింది ముప్పావు గంట. ఆ తర్వాత కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు సర్వీసు చేసి, 2001లో రిటైరై, ఆ మరుసటేటి నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా స్థిరపడిన నౌక అది. మన మధ్య రిటైరయ్యాక సముద్రం ముందు నెమ్మదిగా కూర్చోవడం చేతనైనది దానికొక్కదానికే. బావగారు దాని పొట్టలోకి కుటుంబాన్ని ఒకవైపు నుంచి ఎక్కించి రెండోవైపు నుంచి దించేసరికే, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం టికెట్ల క్యూలో చిన్న బావమరిదిని నిలబెట్టి ఉంచుతారు. సాయంత్రం గడిలో ‘5.40: బీచ్‌లో సూర్యాస్తమయం’ అని ఉంటుంది. వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంది కదా మావయ్యా, సూర్యుడు కొండల వెనక దిగుతాడు కదా అని మేనల్లుడు గ్రూపులో పెడితే, ‘అయితే కైలాసగిరి’ అని సవరణ వస్తుంది తప్ప గడి ఖాళీ కాదు. ఆదివారం అరకు. పొద్దున్నే కిరండోల్ రైలు, బొర్రా గుహలు, బొంగులో చికెన్. అలా సముద్రం కోసం హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం, రెండో రోజు మిట్టమధ్యాహ్నం సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున నిలబడి ఫొటో దిగుతుంది.

ప్లాను లేకుండా పన్నెండు మందిని బయల్దేరదీసి చూడండి, ఆటో స్టాండు దగ్గరే పొద్దు వాలిపోతుంది అంటారు బావగారి పక్షం వాళ్ళు. ఒప్పుకోవాల్సిందే. నీళ్ళ దగ్గర కూడా ఆయన మాటకు తిరుగులేదు. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి లాగే పద్ధతి తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది. “మోకాళ్ళు దాటితే ఊరుకోను” అని ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డున కాపలా కాసే ఆ మనిషిని పిల్లలు విసుక్కోవచ్చు గానీ, తల్లులు విసుక్కోరు. అయితే రైలు టికెట్లకూ గదులకూ పిల్లల ప్రాణాలకూ కావలసిన ప్లాను అరపేజీకి మించదు. మిగతా మూడున్నర పేజీలూ ఎవరి కోసం?

మన కోసమే అని ఆయన జవాబు. అందులో అబద్ధమేమీ లేదు. సింహాచలం అడిగింది అత్తగారు, జలాంతర్గామి అడిగింది పిల్లలు, అరకు కాఫీపొడి కావాలన్నది మరదలు, మాడుగుల హల్వా లేకుండా తిరిగి రావద్దన్నది రాని వియ్యపురాలు. ఎవరు ఏది అడిగినా రాసుకోవడమే ఆయనకు తెలుసు, కొట్టేయడం తెలీదు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మీద నోటు పెట్టిన చెయ్యి మరి. మొత్తం బంధువర్గంలో ఏమీ అడగని మనిషి అక్కయ్య ఒక్కతే. “నాకేం వద్దండీ, ఓ చోట కూర్చోనిస్తే చాలు” అంటుంది. పట్టికలో గడి లేని కోరిక అది. అందుకని ఆవిడ పేరు ఎదురుగా ‘పులిహోర (రెండు డబ్బాలు), పెరుగన్నం, మంచినీళ్ళు’ అని పడుతుంది, బయల్దేరే రోజు అందరికంటే ముందు లేచేదీ ఆవిడే. బావగారి మీద నాకు నిజంగా కోపమంటూ వస్తే ఈ ఒక్క వరుస దగ్గరే వస్తుంది.

అలాగని ఆయన్ను ఒక్కణ్ణే బోనెక్కించడం న్యాయం కాదు. ఆయన తరం ఊరు కదిలిందంటే ఏదో ఒక పని ఉండాలి: పెళ్ళి, పుష్కరం, మొక్కు. సముద్రాన్ని కూడా పర్వదినం కానిదే ముట్టుకోకూడదనేవాళ్ళు పెద్దలు. మాఘపూర్ణిమకు వెళ్ళి, సంకల్పం చెప్పుకుని మూడు మునకలు వేసి వచ్చేవాళ్ళు. తర్వాత ఎల్‌టీసీ వచ్చింది. నాలుగేళ్ళ బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు, టికెట్లు చూపిస్తేనే డబ్బులు. యాత్రంటే పుణ్యానికో బిల్లుకో లెక్క తేలాలని ఇటు సంప్రదాయమూ అటు సర్కారూ కలిసి నేర్పిన మనిషిని తీసుకెళ్ళి ఇసుకలో కూర్చోబెట్టి, ఊరికే అలలు చూడమంటే ఆయన మాత్రం ఏం చూస్తారు? కాసేపటికి లేచి, మురీ మిక్స్చర్ బండి దగ్గర ధర కనుక్కుని వస్తారు. మనం మాత్రం? ఆ ఒడ్డునే కూర్చుని పది నిమిషాలకోసారి ఫోను చూసుకుంటాం. ఆయనైనా లేచి పల్లీలు తెస్తారు.

పోతే, ఆయన పట్టికలో తెలియకుండా దొర్లిన పొరపాటు ఒకటుంది. రైలు తప్పిపోతుందన్న భయంతో తిరుగు ప్రయాణానికి రెండు గంటల ముందే అందర్నీ స్టేషనుకు చేరుస్తారు. ఆ రెండు గంటలకు గడి గీయడం మాత్రం మర్చిపోతారు. ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుస్తారు. పిల్లలు పేకముక్కలు తీస్తారు. అత్తగారు కాళ్ళు చాపుకుని, ఎదుటి కుటుంబానిది ఏ ఊరో కనుక్కునే పనిలో పడతారు. అక్కయ్య మిగిలిన పులిహోర డబ్బా పక్కన పెట్టుకుని, సూట్‌కేసుకు చేరగిలబడి కునుకు తీస్తుంది, ఎవరూ లేపరు. “బావగారూ, మీకూ ముక్కలు వేశాం, రండి” అని తోడల్లుడు పిలుస్తాడు. ఆయనకు వినపడదు. బెంచీ చివర కళ్ళద్దాలు సర్దుకుని, నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, పైన ‘సూర్యలంక (బాపట్ల దగ్గర): రిలాక్స్’ అని రాసి గళ్ళు గీస్తుంటారు. కూనిరాగం మళ్ళీ మొదలవుతుంది.