మూడు లేచినంత: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూడు లేచినంత మోకరిల్లును తుది
మూడు వాలినంత మురిసి లేచు
పట్టు బేసు ముందు పదివేల యోముల
కాపు లేక కలుప కాలిపోవు

ప్రతిపదార్థం: మూడు = 555 టైమర్ ఐసీ మూడో కాలు (త్రిమూర్తులని భ్రమపడరాదు; ఇది అవుట్‌పుట్); లేచినంత = 12 వోల్టుల సప్లైలో 10.5 దరిదాపులకు ఎక్కగానే; తుది = బీసీ547 ట్రాన్సిస్టర్ కలెక్టర్; మోకరిల్లును = 0.2 వోల్టుకు దిగును; మురిసి లేచు = 1కే రెసిస్టర్ పైకి లాగగా సప్లైని అందుకొనును; పదివేల యోముల కాపు = 10కే రెసిస్టర్; లేక కలుప = అది లేకుండా వైరు తగిలించినచో; కాలిపోవు = ఏది కాలునో కవి చెప్పలేదు. ట్రాన్సిస్టరే. ఎమిటర్ ఊసు కూడా కవి ఎత్తలేదు, అది గ్రౌండుకు పోవునని అధ్యాహారం.

తాత్పర్యం: 1971లో హాన్స్ కామెన్‌జిండ్ సిగ్నెటిక్స్ సంస్థ కోసం రూపొందించిన ఈ టైమర్‌కు 100కే రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ తగిలించి బటన్ నొక్కితే మూడో కాలు 11 సెకన్లు పైన ఉండి దిగుతుంది. ఆ 11 సెకన్లూ కింద ఉండి, తర్వాత లేచే అవుట్‌పుట్ కావలసినవారికి ఈ పద్యం.

విశేషం: బేసుకు, ఎమిటర్‌కు నడుమ ఉన్నది డయోడే. 0.7 వోల్టు దాటితే దానికి పట్టపగ్గాలుండవు. 555 చూస్తే 200 మిల్లీయాంప్‌ల దాకా ఇవ్వగల దాత. కాపు ఉంటే బేసులోకి పోయేది ఒక్క మిల్లీయాంప్. కలెక్టర్‌లో 12 పారించడానికి అది చాలు. పద్యంలో యతి తప్పినా క్షమిస్తాం గానీ ఈ రెసిస్టర్ తప్పితే క్షమించేవారు లేరు.

పాఠాంతరం: బీసీ547 చదును ముఖం మనవైపు, కాళ్ళు కిందికి ఉంచితే ఎడమ నుంచి కలెక్టర్, బేసు, ఎమిటర్. 2ఎన్3904 ప్రతిలో ఇదే వరస తిరగబడి ఉంటుంది. లేఖక దోషం కాదు, తయారీయే అంత.

పూర్వపక్షం: "ఎల్ఈడీని సప్లైకి, మూడో కాలికి మధ్య రెసిస్టర్‌తో సహా కడితే సరి, 555 కరెంటును లాక్కోగలదు కూడా. రిలే అయితే ఎన్‌సీ కాంటాక్టు ఉండనే ఉంది. ఈ ట్రాన్సిస్టర్ దేనికి?"

సమాధానం: నిజమే, దీపానికి ఇది దండగ. పైగా 1కే తీసి ఆ చోట రిలే పెట్టారో, మూడో కాలు లేచినప్పుడే రిలే లాగుతుంది, తిరగేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. కవి హృదయం వేరు: బజర్ మోగించే రెండో 555 నాలుగో కాలిని, అంటే రీసెట్‌ను, మొదటి టైమర్ నడిచినంతసేపూ నేలకు అదిమిపట్టడం.