పిల్లల బెంగ మన కంట పడకుండా ఉండాలంటే

పిల్లలకి బెంగేమిటండీ? ఫీజులు కట్టేది మనం, ఈఎంఐలు కట్టేది మనం, ఆఫీసులో మాటలు పడేది మనం. వాళ్ళు తిని, చదువుకుని, పడుకోవడమేగా. అయినా కొందరు పిల్లలు అప్పుడప్పుడూ ఏవో లక్షణాలు చూపించి మనల్ని కంగారుపెడుతుంటారు. వాటిని గుర్తించకుండా కాలం వెళ్ళదీసే కిటుకులు కొన్ని చెబుతాను.

ముందు కడుపునొప్పి సంగతి. సోమవారం పొద్దున్న ఏడుంపావు. బస్సు ఏడున్నరకి. ఇడ్లీ తుంపి ప్లేట్లోనే అటూ ఇటూ జరుపుతూ పిల్ల "అమ్మా, కడుపు నొప్పి" అంటుంది. ఎక్కడే అంటే బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పుతుంది. ఒళ్ళు చూస్తే జ్వరం లేదు. బస్సు వెళ్ళిపోయిన పది నిమిషాలకి నొప్పి మాయం. ఇంకేం, నాటకమని తేలిపోయింది. భయమేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, పేగులకి వెళ్ళే రక్తం కండరాలకి మళ్ళుతుందనీ, పేగుల్లో కోట్ల నరాల కణాలు ఉంటాయనీ, అది నిజం నొప్పేననీ డాక్టర్లు చెబుతారు. చెప్పనివ్వండి. పరీక్ష హాల్లోకి వెళ్ళేముందు మీరు రెండుసార్లు బాత్రూముకి పరిగెత్తిన రోజులు మాత్రం గుర్తు తెచ్చుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, క్యాలెండరు జోలికి పోకండి. నొప్పి వచ్చిన రోజులకి సున్నాలు చుట్టారో, ఆదివారాలన్నీ ఖాళీగానూ, స్లిప్ టెస్టు రోజులన్నీ సున్నాలతోనూ కనబడే ప్రమాదముంది. అప్పుడు సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళి టీచరుతో మాట్లాడాల్సి వస్తుంది. దానికన్నా నులిపురుగుల మాత్ర వేసి ఊరుకోవడం తేలిక. అప్పటికీ తగ్గకపోతే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేయండి. ఘాటు రాకపోతే దిష్టి. ఘాటొస్తే దిష్టి లేనట్టే కాబట్టి నాటకం. ఎటు తిరిగినా బెంగ అన్న మాట రాదు, చూశారా!

బడికి పోనని మొండికేస్తే ఒకరోజు ఇంట్లో ఉంచేసి ఫోన్ చేతికివ్వండి, మర్నాడు రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళండి. ఇలా మార్చి మార్చి చేస్తే ఏం జరుగుతుందో పిల్లకీ తెలీదు, మనకీ తెలీదు. ఇవాళ గేటు దాకా, రేపు క్లాసు గుమ్మం దాకా, తర్వాత ఒక్క పీరియడు అంటూ కొద్దికొద్దిగా అలవాటు చేయమని సైకాలజిస్టులంటారు. వాళ్ళకేం, తీరిక!

మిగతా లక్షణాలకి మన దగ్గర పేర్లు తయారుగానే ఉన్నాయి. రబ్బరుతో చెరిపీ చెరిపీ కాగితం చిరిగినా మళ్ళీ రాస్తుంటే, "మావాడికి అంతా నీటుగా ఉండాలండీ" అని మురిసిపోండి. చీటికీమాటికీ కసురుకుంటే పొగరు. నలుగురిలో నోరు విప్పకపోతే బుద్ధిమంతుడు. గోళ్ళు కొరికితే వేపాకు పసరు. "సాయంత్రం నువ్వే వస్తావుగా" అని పదోసారి అడిగితే చాదస్తం. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే, ఆ విషయం పిన్నిగారి ముందు చెప్పి నవ్వించండి. మగపిల్లాడైతే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" ఉండనే ఉంది. ఆ ఒక్క మాటతో ఇద్దరి నోళ్ళూ మూయించొచ్చు.

ఇన్ని చేసినా ఒక చిక్కుంది. పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు గానీ, స్కూటీ వెనక కూర్చున్నప్పుడో, రాత్రి లైటు తీసేశాకో ఉన్నట్టుండి మొదలుపెడతారు. మొహం కనబడదుగా మరి. "నాన్నా, క్లాసులో నన్ను లేపి చదవమంటే చేతులు చల్లబడిపోతాయి" అంటారు. ఏమరుపాటుగా ఉన్నారో, "అవునా, అప్పుడేమవుతుందమ్మా?" అని అడిగేస్తారు, కథ బయటికొచ్చేస్తుంది. చటుక్కున "ఓస్, దానికేనా?" అనండి. పెదనాన్నగారి అబ్బాయి ర్యాంకు కూడా ఎత్తారంటే మళ్ళీ మీ దగ్గర నోరెత్తరు.

నాలుగేళ్ళ పిల్ల చీకటికి జడవడం మామూలేననీ, అమ్మానాన్నల్ని విడిచి ఉండలేని బెంగ నాలుగు వారాలు దాటి బడినీ నిద్రనీ చెడగొడుతుంటే మాత్రం డాక్టరుకి చూపించాలనీ అంటారు. మనం ఇంటర్ అయ్యేదాకా చూద్దాం. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో వేశాం కదా, మధ్యలో ఇవన్నీ ఎందుకు?

చివరిగా ఒక హెచ్చరిక. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ఒక హెల్ప్‌లైను మొదలుపెట్టింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పొరపాటున కూడా ఈ నంబరు ఫ్రిజ్ మీద అంటించకండి. మీరు చూడకపోయినా పిల్లలు చూస్తారు.